మందు ఎవరు మాన్పించారు, పని ఎవరు చేశారు?

తెలుగులో ‘మందు’ అన్నంత అమాయకమైన మాట, అంత ప్రమాదకరమైన మాట మరొకటి లేదేమో. జ్వరానికి వేసుకునేదీ మందే. సాయంత్రం మగవాళ్లు తాగేదీ మందే. తుపాకిలో కూరేదీ మందే. మా వరంగల్ పల్లెల్లో యూరియా బస్తాను ‘మందు సంచి’ అంటారు. పత్తి చేలో పురుగును చంపడానికి కొట్టేదీ మందే. అయితే ‘ఆమె మందు తాగింది’ అన్న వాక్యానికి మాత్రం మా దగ్గర ఒక్కటే అర్థం. అది విన్న వెంటనే ఎవరో ఒకరు ఆటో కోసం పరిగెత్తుతారు.

విషాన్ని మందు అని పిలవడం కేవలం భాషకు సంబంధించిన విషయం కాదు. మందు అన్నాక దాన్ని అనుమానించాల్సిన అవసరం ఉండదు. అది వాడితే మేలు జరుగుతుందనేది ముందే ఒప్పుకున్న సంగతి. కీడు జరిగితే తప్పు మందుది కాదు, వాడిన వాళ్లది. మోతాదు మించిందనో, ముక్కుకు గుడ్డ కట్టుకోలేదనో, గాలికి ఎదురుగా నిలబడి కొట్టారనో, డబ్బా మీద రాసింది చదవలేదనో చెబుతారు. చదువు చెప్పని సమాజమే చదవలేదని నింద వేస్తుంది. గృహహింస కేసుల్లో ‘నువ్వేం చేశావో చెప్పు ముందు’ అనే ప్రశ్న మనకు కొత్త కాదు కదా. పత్తి చేలో కళ్లు తిరిగి పడిపోయిన మనిషిని అడిగేదీ అదే ప్రశ్న.

ఈ వ్యాసంలో నేను ఆలోచించదలచుకున్నది విషాలు మంచివా చెడ్డవా అని కాదు. అది తేలిపోయిన విషయమే. విషాన్ని తొలగించే పని ఒక నైతిక బాధ్యత అయినప్పుడు, ఆ బాధ్యత ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు? ఆ పనికి నాయకులని మనం ఎవరిని పిలుస్తున్నాం? ఈ రెండు ప్రశ్నలకూ దొరికే జవాబుల్లో ఒకే మనుషులు ఎందుకు ఉండరు?

ముందు వరంగల్ సంగతి. 1997-98లో పత్తి మీద లద్దెపురుగు, శనగపచ్చ పురుగు విరుచుకుపడ్డాయి. ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావలేదు, మందు మీద అప్పు మాత్రం పెరిగింది. పురుగును చంపలేని ఆ మందునే రైతులు తాగారు. దేశమంతా వరంగల్ పేరును రైతుల ఆత్మహత్యలతో కలిపి పలకడం మొదలుపెట్టింది ఆ ఏడాదే. ఆ సంఘటనల మీద ఎన్నో నివేదికలు వచ్చాయి. వాటిలో రైతు అంటే దాదాపుగా మగవాడే.

కానీ అదే కాలానికి సంబంధించిన మరో లెక్క ఉంది. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రి రికార్డులతో చేసిన ఒక అధ్యయనం 2005లో అంతర్జాతీయ వైద్య పత్రికలో అచ్చయింది. 1997 నుంచి 2002 దాకా పురుగుమందు విషప్రభావంతో ఆ ఒక్క ఆసుపత్రిలో చేరినవాళ్లు 8,040 మంది. వాళ్లలో 22.6 శాతం మంది చనిపోయారు. 2002 సంవత్సరం వివరాలను విడిగా చూస్తే, చేరినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది 30 ఏళ్లలోపు వాళ్లు. మగవాళ్లు 57 శాతం. 96 శాతం మంది తమకై తాము తాగినవాళ్లు.

57 తీసేస్తే మిగిలేది 43. ఆ 43 శాతం ఆడవాళ్లు ఎవరు? వాళ్లంతా అప్పుల వల్లే తాగారని ఎవరూ అనరు. భర్త కొట్టాడని, అత్తింట్లో మాట అన్నారని, పెళ్లి ఇష్టంలేదని, కడుపునొప్పి భరించలేక, చెప్పుకోవడానికి ఎవరూ లేక కూడా తాగి ఉంటారు. ఆ క్షణంలో చేతికి అందేది ఏమిటన్నదే ఇక్కడ ప్రశ్న. దూలం మీదో, తలుపు మూలనో, బియ్యం డబ్బా పక్కనో ఉన్న మోనోక్రోటోఫాస్ సీసా. 2002లో ఏ మందు తాగారో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం రెండింటివే: మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. మరో చోటైతే ఏడ్చి, అలిగి, రెండు రోజులు అన్నం మానేసి తేరుకునే కోపం, పత్తి పండే ఇంట్లో ప్రాణం తీసేస్తుంది. పేరుకు చేను కోసం తెచ్చిన మందు ఇంటి హింసకు ఆయుధంగా మారుతుంది. రైతుల సమస్య, ఆడవాళ్ల సమస్య అంటూ మనం వేరుచేసి రాసుకున్న రెండూ ఒకే సీసాలో ఉన్నాయి.

పైగా ఆ చనిపోయిన ఆడమనిషి చేలో పనిచేసిందే అయినా కాగితం మీద ఆమె రైతు కాదు. పట్టా ఆమె పేరున ఉండదు. జాతీయ నేర గణాంకాల్లో ‘గృహిణి’ అనే గడి ఒకటుంది, ఆమెను అందులో వేస్తారు. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబీమా పథకం కూడా పట్టా ఉన్నవాళ్లకే 5 లక్షలు ఇచ్చేలా రూపొందింది. కౌలు చేసే స్త్రీకి, భర్త పేరున భూమి ఉన్న స్త్రీకి అది వర్తించదు. మహిళా రైతుల హక్కుల కోసం పనిచేసే ‘మకాం’ వేదిక ఏళ్ల తరబడి చెబుతున్నది ఇదే: ముందు ఆమెను రైతు అని రాయండి.

ఇక సాక్ష్యం సంగతి. విషం మీద పోరాడిన స్త్రీలందరికీ ఎదురైన మొదటి మాట ‘రుజువేది?’ రేచల్ కార్సన్ 1962లో డి.డి.టి. లాంటి రసాయనాల మీద ‘సైలెంట్ స్ప్రింగ్’ రాసినప్పుడు, ఆమె చూపిన ఆధారాలకంటే ఆమె పెళ్లి చేసుకోలేదన్న విషయం మీదే కొందరికి ఆసక్తి కలిగింది. ఉద్వేగంతో రాసిందన్నారు. రొమ్ము క్యాన్సర్‌తో బాధపడుతూ, ఆ సంగతి బయటపడితే తన శాస్త్రాన్ని అనుమానిస్తారని దాచిపెట్టి, 1964లో ఆమె చనిపోయారు. అమెరికా డి.డి.టి.ని నిషేధించింది 1972లో. అంటే బాధితురాలిగా కనిపిస్తే శాస్త్రవేత్త కాకుండా పోతుందనే భయం ఆమెకు ఉంది. స్త్రీ అనుభవమే ఆమె మాటకు అనర్హత అయ్యే పరిస్థితి అది.

భోపాల్‌లో 1984 డిసెంబరు 2-3 రాత్రి విషవాయువు వెలువడిన కర్మాగారంలో తయారైంది కూడా పురుగుమందే. అక్కడి బాధితులైన రషీదా బీ, చంపాదేవి శుక్లా స్టేషనరీ తయారీ పనిలో ఉన్న కార్మికులు. ముందు కూలి కోసం సంఘం పెట్టుకున్నారు, తర్వాత విషం మీద పోరాటానికి నాయకులయ్యారు. కంపెనీని కొనుక్కున్న డౌ మీద 2002లో చీపుర్లతో ఉద్యమం చేశారు. 2004లో వాళ్లిద్దరికీ గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది. ఆ డబ్బుతో పుట్టుకతో వైకల్యాలున్న పిల్లల కోసం చింగారి ట్రస్టు పెట్టారు. కేరళ కాసరగోడ్ జిల్లాలో జీడితోటల మీద హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ చల్లుతుంటే 1998లో కోర్టుకెళ్లిన లీలాకుమారి అమ్మ స్వయంగా వ్యవసాయ శాఖ ఉద్యోగి. తన శాఖ మంచిదన్న మందు మీదే ఆమె కేసు వేసింది. 2011లో ఎండోసల్ఫాన్‌ను స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలో చేర్చారు, మే 13న మన సుప్రీంకోర్టు దేశమంతటా నిలిపివేసింది. ఆ తీర్పు వెనక పదమూడేళ్ల నాటి ఒక చిన్న కోర్టు ఉత్తర్వు ఉంది.

వీళ్లందరిలో ఉమ్మడిగా నాకు కనిపించేది ధైర్యం మాత్రమే కాదు. సాక్ష్యం అంటే ఏమిటన్న నిర్వచనాన్నే మార్చమని వీళ్లు అడిగారు. ఒక రసాయనం హానికరమని బాధితులు నిరూపించాలా, హాని లేదని తయారుచేసినవాడు నిరూపించాలా? మొదటిదే న్యాయం అనుకుంటే, నిరూపణ పూర్తయ్యేదాకా ఎవరో ఒకరి ఒంటి మీద ప్రయోగం నడుస్తూనే ఉండాలి. ఆ ఒళ్లు ఎప్పుడూ కూలివాళ్లది, దళితులది, ఆడవాళ్లది. ఒక మనిషిని ఇంకొకరి సందేహ నివృత్తికి సాధనంగా వాడుకోవడం తప్పని నీతిశాస్త్రం మొదటి పాఠంలో చెబుతాం. పత్తి చేనులో దాన్నే పరిశోధన అంటాం.

దీనికి భిన్నంగా జరిగిన ఒక అధ్యయనం చెప్పాలి. 2003 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా మన దేశంలోని మూడు గ్రామాల్లో పత్తి పండించే 50 మంది స్త్రీలు తమకూ తమ ఇంటి మగవాళ్లకూ మందు కొట్టిన ప్రతిసారీ కలిగిన బాధలను తామే నమోదు చేశారు. వాళ్లు రాసిన 323 సందర్భాల్లో 83.6 శాతం సార్లు తలనొప్పి, వాంతి, కళ్ల మంట, వణుకు లాంటి ఏదో ఒక విష లక్షణం ఉంది. స్త్రీలు స్వయంగా పంపు వీపున వేసుకుని కొట్టింది తక్కువే. కానీ చిక్కటి మందును నీళ్లలో కలిపింది, ఖాళీ అయిన పంపును మళ్లీ మళ్లీ నింపింది వాళ్లే. ‘మందు కొట్టేది మగవాళ్లే కదా’ అనే వాదనకు ఇంతకంటే సమాధానం ఏం కావాలి? మోతలో, కలపడంలో ఉన్న శ్రమను పని అని లెక్కించనట్టే, అందులో ఒంటికెక్కిన విషాన్ని కూడా లెక్కించలేదు. ఆ స్త్రీలు లెక్క రాయడం మొదలుపెట్టాకే అది కనిపించింది.

అలాగే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత స్త్రీలు కెమెరాలు పట్టుకుని వరంగల్ వచ్చారు. 2002లో బి.టి. పత్తికి అనుమతి వచ్చింది, ఇక మందు కొట్టే పనే తగ్గిపోతుందన్నారు. ఆ స్త్రీలు సీజను తర్వాత సీజను ఇక్కడి రైతుల దగ్గర కూర్చుని, ఏం చెప్పి అమ్మారు, ఏం పండింది, ఎంత పోయింది అని అడిగి సినిమాలు తీశారు. చదువురానివాళ్లని మనం అనుకునే స్త్రీలు మరో జిల్లా రైతుల సాక్ష్యాన్ని రికార్డు చేశారు. 2005లో రాష్ట్ర ప్రభుత్వం మూడు బి.టి. రకాల అమ్మకాన్ని ఇక్కడ ఆపేసే నాటికి, వాళ్ల కెమెరాలో మూడేళ్ల వరంగల్ ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వస్తాను.

అప్పటి వరంగల్ జిల్లాలో, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న లింగాల ఘనపురం మండలంలో ఏనబావి అనే చిన్న పల్లె ఉంది. యాభై పైచిలుకు కుటుంబాలు, సుమారు 280 ఎకరాలు. ఎర్ర గొంగళి పురుగును మంటలతో, దీపపు ఎరలతో ఆపడం నుంచి మొదలుపెట్టి, క్రమంగా పురుగుమందులు, తర్వాత రసాయన ఎరువులు కూడా మానేసి, 2006లో తమది రసాయనాలు వాడని ఊరని ప్రకటించుకుంది. జనగామ ప్రాంతంలో పనిచేసే క్రాప్స్ సంస్థ, హైదరాబాద్‌లోని సుస్థిర వ్యవసాయ కేంద్రం వాళ్లకు తోడున్నాయి. అంతకు ముందే ఖమ్మం జిల్లా పునుకుల ఈ దారి పట్టింది. ఈ ఊళ్ల గురించి ఎంతోమంది రాశారు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూశారు. రాయవలసిందే, చూడవలసిందే.

నేను హనుమకొండలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవుల్లో ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లతో మాట్లాడి రాసుకునే అలవాటున్న మనిషిని. మందులు మానేసిన ఒక ఊళ్లో ఒక పెద్దామె నాతో అన్న మాట ఇది: “మందు బంద్ జేసిన్రు, మంచిదే బిడ్డా. పైసలు మిగిలినయ్, తలకాయ నొప్పులు పోయినయ్. గని కషాయం ఎవలు జేయాలె? పొద్దుగాల పెండ దీసుడు మాదే, ఉచ్చ వట్టుడు మాదే, ఏపగింజలు ఏరుడు, దంచుడు మాదే. మీటింగుల పేరు మాత్రం మా ఆయనది.”

ఆమె ఫిర్యాదు చేయడం లేదు, లెక్క చెబుతోంది. అయిదు శాతం వేపగింజల కషాయం అంటే 100 లీటర్ల నీళ్లకు 5 కిలోల గింజల పొడి. గింజలు రాలే నాలుగు వారాల్లో ఏరాలి, ఎండబెట్టాలి, దంచాలి, గుడ్డలో కట్టి నానబెట్టాలి, వడకట్టాలి, అదే రోజు కొట్టాలి. పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం నూరిన చేతులు రాత్రంతా మండుతాయి. మందు సీసా రైతుకు అప్పు తెచ్చింది నిజమే, కానీ దాని మూత తీయడానికి నిమిషం చాలు. ఆ నిమిషానికి బదులు వచ్చిన గంటలన్నీ ఇంటి పని ఖాతాలోకి, అంటే జీతం లేని పని ఖాతాలోకి పోయాయి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. కలుపు తీయడం మా జిల్లాలో ఆడవాళ్ల కైకిలి. “గడ్డిమందు వచ్చినంక మమ్ముల పిలుస్తలేరు” అని కూలి స్త్రీలు అంటారు. కలుపు మందు వాళ్ల నడుము నొప్పిని తగ్గించింది, వాళ్ల కూలినీ తీసేసింది. అంటే విషం వచ్చినప్పుడు ఆమె జీతమున్న పని పోయింది. విషం పోయినప్పుడు ఆమెకు జీతంలేని పని వచ్చింది. రెండు సార్లూ నిర్ణయం ఆమెది కాదు.

‘అయితే మందులే నయమంటావా?’ అని అడగవచ్చు. అనను. ఎం.జి.ఎం. లెక్కలు తెలిశాక ఆ మాట అనలేను. నేను అనేదల్లా, భూమి శుభ్రంగా ఉండాలన్న విలువ, స్త్రీ శ్రమకు విలువ ఉండాలన్న విలువ రెండూ ఒకదానికొకటి బదులు కావని. ప్రకృతిని కాపాడటం స్త్రీ స్వభావమని, ఆమె భూమికి దగ్గరిదని మనలో కొందరు రాశారు. ఆ పొగడ్త నాకు ఇబ్బందిగా ఉంటుంది. స్వభావం అన్నాక కూలి అడగడానికి వీలుండదు. తల్లి ప్రేమ అన్నాక ఎనిమిది గంటల పని గురించి మాట్లాడటం ఎలా అసభ్యమైపోతుందో, ఇదీ అంతే.

మరి దారి లేదా? ఉంది, కొంత నడిచి చూసిన దారే. పునుకులలో వేపగింజలు పొడిచేసే యంత్రం మహిళా సంఘం చేతికి వచ్చాక, ఇంట్లో రోకలిపోటు కాస్తా బయట ఉపాధి అయింది. 2004-05 నుంచి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ స్వయం సహాయక సంఘాల ద్వారా పురుగుమందులు లేని వ్యవసాయాన్ని ఉమ్మడి రాష్ట్రమంతటా తీసుకుపోయింది. 2009 నాటికి 3 లక్షలకు పైగా రైతులు, దాదాపు 13.6 లక్షల ఎకరాలు అందులోకి వచ్చాయి. ఆ కార్యక్రమంలో నాకు ముఖ్యమనిపించేది ఎకరాల సంఖ్య కాదు. ఊళ్లలో సంఘం స్త్రీలు నడిపిన ఎన్.పి.ఎం. దుకాణాలు. కషాయం తయారుచేసి, సీసాలో పోసి, ధర కట్టి అమ్మారు. ధర కట్టగానే అది పని అయింది. వదినకు, అత్తకు, భర్తకు ఉచితంగా చేసిపెట్టే సేవ కాకుండా పోయింది.

రెండో దారి చట్టానిది. ఊరు మందు మానుకోవడం గొప్ప సంగతే, కానీ దేశం మాన్పించాల్సినదాన్ని ఒక్కో ఊరు, ఆ ఊళ్లో ఒక్కో ఆడమనిషి తన చేతులతో మాన్పించాల్సి రావడం న్యాయం కాదు. శ్రీలంక 1995లో అత్యంత విషపూరితమైన మందులను, 1998లో ఎండోసల్ఫాన్‌ను ఆపేసింది. 1995లో లక్షకు 47గా ఉన్న అక్కడి ఆత్మహత్యల రేటు 2005 నాటికి 24కు పడిపోయింది. ఎవరి కష్టాలూ మాయం కాలేదు. చేతికి అందే సీసా మారింది, అంతే. మన దగ్గర మోనోక్రోటోఫాస్‌ను 2005లో కూరగాయల మీద వాడొద్దన్నారు, పత్తికి మాత్రం అమ్ముతూ పోయారు. 2013లో బీహార్‌లోని ఒక బడిలో మధ్యాహ్న భోజనంలో అదే కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. 2018లో 18 రకాల మందులను నిషేధించారు. 2020లో మరో 27 నిషేధిస్తామని ముసాయిదా తెచ్చారు. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి వాటిలో పూర్తి నిషేధం పడినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కవితా కురుగంటి లాంటి వాళ్లు ఏళ్లుగా ఈ జాబితాల వెంట పడుతున్నది ఇందుకే. జాబితాలోంచి ఒక పేరు తీసేస్తే ఆ మేరకు ఎక్కడో ఒక ఇంట్లో దూలం మీది సీసా పోతుంది. దానికి ఏ స్త్రీ వేపగింజలూ దంచనక్కర్లేదు.

నాయకత్వం గురించి మొదట అడిగిన ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. విషం వద్దు అని గట్టిగా చెప్పగలగడం నాయకత్వంలో సగం. వద్దన్నాక మిగిలే పనిని ఎవరు చేస్తున్నారో కనిపెట్టి, దాన్ని పంచేదాకా నిలబడటం మిగతా సగం. మొదటి సగానికి వేదిక, మైకు, ఫొటో ఉంటాయి. రెండో సగానికి ఉండేవి ఓ రోలు, ఓ బకెట్, పొద్దు ఎక్కకముందే మొదలయ్యే రోజు. రెండో సగాన్ని నాయకత్వంగా గుర్తించకపోతే, మందు మానేసిన ఊరు కూడా ఓ రోజు నిశ్శబ్దంగా మళ్లీ దుకాణానికి పోతుంది. అది రైతుల బలహీనత వల్లనో, అవగాహన లేకనో అని మనం రాసుకుంటాం. అలసిపోయిన ఓ మనిషి ‘ఇగ నాతోని కాదు’ అన్నదన్న సంగతి ఏ నివేదికలోకీ రాదు.

రసాయనాలు లేని గ్రామాల మీద రాయడానికి, పరిశోధించడానికి వెళ్లే మిత్రులకు నాదొక చిన్న కోరిక. ఎకరాకు ఖర్చెంత, దిగుబడి ఎంత, పురుగు ఎంత తగ్గింది అని ఎలాగూ అడుగుతారు. ఆ కాగితంలోనే ఇంకో గడి గీయండి: కషాయానికి ఎన్ని గంటలు, ఎవరివి, ఎంత కూలి కట్టారు? సర్పంచును కాదు, దంచిన ఆమెను అడిగి నింపండి. ఆమె పేరు రాయడానికి ఆమె ఒప్పుకుంటే, పేరు కూడా.